ఫోన్‌లో కొత్త కాంటాక్ట్ సేవ్ కావడం లేదా? ఎక్కడ ఆగిందో పట్టుకుని సరిచేసుకునే పద్ధతి

"సేవ్ నొక్కాను, పేరు మాత్రం కనిపించడం లేదు." ఈ మాట అనేవాళ్లలో ఎక్కువమంది ఫోన్లలో ఆ పేరు సేవ్ అయ్యే ఉంటుంది. వాళ్లు వెతుకుతున్న చోట ఉండదు, అంతే. కాంటాక్ట్స్ మనకు ఒకే పుస్తకంలా కనిపిస్తాయి గానీ, లోపల మూడు నాలుగు పుస్తకాలు కలిపి కుట్టినట్టు ఉంటాయి. గూగుల్ అకౌంట్‌ది ఒకటి, ఫోన్‌ది ఒకటి, సిమ్‌ది ఒకటి, ఆఫీసు మెయిల్ పెట్టుకుంటే దానిది ఇంకొకటి. కొత్త పేరు వీటిలో దేంట్లోకి వెళ్లిందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

అందుకే రీసెట్ దాకా పోకుండా కింది వరసలో వెళ్లండి. మెనూల పేర్లు ఒక్కో ఫోన్‌లో కొంచెం తేడాగా ఉంటాయి. నేను చెప్పిన పేరు దొరక్కపోతే సెట్టింగ్స్‌లో పైనున్న సెర్చ్ పెట్టెలో వెతకండి.

## 1. ముందు ఒక ఉత్తుత్తి కాంటాక్ట్‌తో పరీక్ష

కొత్త కాంటాక్ట్ తెరవండి. పేరు దగ్గర ఇంగ్లిష్ అక్షరాల్లో 'టెస్ట్' అని కొట్టండి. నంబర్‌ను ఎక్కడినుంచీ కాపీ చేయకుండా చేత్తో టైప్ చేసి, సేవ్ నొక్కండి. ఇప్పుడు ఏం జరిగిందో చూడండి:

- సేవ్ బటన్ పనిచేయలేదు, ఎర్రర్ వచ్చింది, లేదా యాప్ మూసుకుపోయింది: 5వ భాగానికి వెళ్లండి.
- సేవ్ అయిందని చూపించింది, లిస్టులో మాత్రం లేదు: 3, 4 భాగాలు.
- ఈ ఫోన్‌లో ఉంది, అదే అకౌంట్ ఉన్న ఇంకో ఫోన్‌లో లేదు: 6వ భాగం.
- లిస్టులో ఉంది, వాట్సాప్‌లో పేరు రావడం లేదు: 7వ భాగం.
- ఇవాళ ఉంది, నాలుగు రోజుల తర్వాత మాయమైంది: 8వ భాగం.
- టెస్ట్ చక్కగా సేవ్ అయింది, అసలు నంబరే కావడం లేదు: తేడా ఆ నంబర్‌లోనో పేరులోనో ఉంది. 5వ భాగంలో మూడో అంశం చూడండి.

ఈ పరీక్షకు నిమిషం కూడా పట్టదు. ఇది చేయకుండా దొరికిన సెట్టింగల్లా మార్చుకుంటూ పోతే, చివరికి ఏది మార్చితే బాగైందో, ఏది చెడిందో తెలియకుండా పోతుంది.

## 2. ఏదీ ముట్టుకోకముందు ఒక కాపీ తీసుకోండి

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నది. ఒకసారి మా అత్తయ్య ఫోన్‌లో కొత్త పేర్లు సేవ్ కావడం లేదంటే, నాకేదో తెలుసన్న ధీమాతో 'కాంటాక్ట్స్ స్టోరేజ్' అనే యాప్‌లోకి వెళ్లి క్లియర్ డేటా నొక్కేశాను. ఫోన్‌లో మాత్రమే ఉన్న పేర్లన్నీ పోయాయి. కాల్ లిస్టు కూడా దాంతోపాటే తుడిచిపెట్టుకుపోయింది. వాట్సాప్ చాట్లు తెరిచి ఒక్కో నంబరూ చూసి రాసుకుంటూ ఆ సాయంత్రమంతా కూర్చున్నాం.

కాపీ తీయడం ఇలా:

- గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో 'ఆర్గనైజ్' తెరిచి, 'ఎక్స్‌పోర్ట్ టు ఫైల్' నొక్కండి.
- శాంసంగ్ ఫోన్‌లో కాంటాక్ట్స్ యాప్ మెనూలో 'మేనేజ్ కాంటాక్ట్స్' తెరిచి, 'ఇంపోర్ట్ ఆర్ ఎక్స్‌పోర్ట్' ఎంచుకోండి.
- ఐఫోన్‌లో కాంటాక్ట్స్ యాప్ పైనున్న 'లిస్ట్స్'లోకి వెళ్లి, లిస్టు పేరును నొక్కి పట్టుకుంటే ఎక్స్‌పోర్ట్ వస్తుంది.

వచ్చే ఫైల్ పేరు చివర డాట్ వీసీఎఫ్ అని ఉంటుంది. దాన్ని ఆ ఫోన్‌లోనే వదిలేయకండి. మీకు మీరే మెయిల్ చేసుకోండి, లేదా ఇంట్లో ఇంకొకరి ఫోన్‌కు పంపండి. ఒకటికి మించి అకౌంట్లుంటే ఎక్స్‌పోర్ట్ అప్పుడు ఏ అకౌంట్‌వి వెళ్తున్నాయో చూసుకుని, ఒక్కోదానికీ విడిగా తీయండి.

## 3. కొత్త పేరు ఎక్కడికి వెళ్తోంది?

నా లెక్కలో ఈ మార్గదర్శి మొత్తంలో ముఖ్యమైన భాగం ఇదే. మిగతావి చదివే ఓపిక లేకపోయినా ఇదొక్కటి చేసి చూడండి.

ఆండ్రాయిడ్‌లో కొత్త కాంటాక్ట్ పేజీ తెరవగానే, పేరు రాసే చోటికి దగ్గర్లో 'సేవ్ టు' అని గానీ, ఒక మెయిల్ అడ్రస్ గానీ, 'ఫోన్' లేదా 'సిమ్' అని గానీ చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలామంది కన్ను దానిమీద పడనే పడదు. కొత్త పేరు వెళ్లేది అక్కడున్న చోటికే. దాన్ని నొక్కితే మార్చుకోవచ్చు.

గూగుల్ అకౌంట్. ఫోన్ పోయినా, పాడైనా కొత్త ఫోన్‌లో అదే అకౌంట్‌తో లాగిన్ అయితే పేర్లు తిరిగొస్తాయి. ఒక అకౌంట్‌లో 25,000 కాంటాక్ట్స్ దాకా పడతాయి కాబట్టి నిండిపోతుందన్న టెన్షన్ మామూలు వాడకంలో అక్కర్లేదు. రెండు మూడు జీమెయిల్ అకౌంట్లు ఉంటే మాత్రం, ఏదో పాత అకౌంట్‌లోకి సేవ్ అవుతున్నాయేమో చూడండి.

ఫోన్ లేదా డివైస్. ఆ ఫోన్ బాగున్నంతకాలం కనిపిస్తాయి. ఫోన్ మార్చినప్పుడు ఎక్కువగా వెనక మిగిలిపోయేవి ఇవే.

సిమ్. ఒక్కో ఎంట్రీలో ఒక చిన్న పేరు, ఒక నంబర్ పడతాయి. ఫొటో, పుట్టినరోజు, అడ్రస్ లాంటివి పట్టవు. చాలా సిమ్‌లలో మొత్తం 250 దగ్గర ఆగిపోతుంది. నిండాక 'సిమ్ ఫుల్' అని కొన్ని ఫోన్లు చెబుతాయి, కొన్ని ఏమీ చెప్పకుండా ఊరుకుంటాయి.

సిమ్‌లో పేరు పొడవుకూ హద్దు ఉంటుంది. తెలుగు లిపిలో రాస్తే ఆ హద్దు మరీ త్వరగా వచ్చేస్తుంది. 'రాజేశ్వరి' మన కంటికి నాలుగు అక్షరాలు. ఫోన్ లెక్కలో తొమ్మిది: ర, దీర్ఘం, జ, ఏత్వం, శ, పొల్లు, వ, ర, గుడి. దాని పక్కన 'పిన్ని ఆఫీసు' అని కూడా చేరిస్తే పేరు మధ్యలో తెగిపోవచ్చు, అసలు సేవే కాకపోవచ్చు. తెలుగులో పేర్లు రాసుకునేవాళ్లు సిమ్ జోలికి పోకపోవడమే మంచిది.

ఆఫీసు అకౌంట్. పని కోసం ఫోన్‌లో కంపెనీ మెయిల్ పెట్టుకున్నప్పుడు, ఒక్కోసారి అదే డిఫాల్ట్ (మనం ఏదీ ఎంచుకోకపోతే కొత్త పేర్లు వెళ్లే చోటు) అయి కూర్చుంటుంది. ఇంట్లోవాళ్ల నంబర్లు కూడా అందులోకే వెళ్తుంటాయి. ఉద్యోగం మారి ఆ మెయిల్ తీసేసిన రోజున ఆ పేర్లన్నీ ఫోన్‌లోంచి పోతాయి.

ఐఫోన్ దారి వేరు. అది సిమ్‌లోకి పేర్లు సేవ్ చేయదు. సిమ్‌లో ముందే ఉన్నవాటిని తెచ్చుకోవడానికి మాత్రం కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో 'ఇంపోర్ట్ సిమ్ కాంటాక్ట్స్' ఉంటుంది.

డిఫాల్ట్ మార్చే వరస:

1. గూగుల్ కాంటాక్ట్స్ యాప్‌లో మీ ఫొటో మీద నొక్కి, యాప్ సెట్టింగ్స్‌లో 'డిఫాల్ట్ అకౌంట్ ఫర్ న్యూ కాంటాక్ట్స్' తెరవండి. మీరు రోజూ వాడే అకౌంట్‌ను ఎంచుకోండి.
2. ఐఫోన్‌లో సెట్టింగ్స్, యాప్స్, కాంటాక్ట్స్, డిఫాల్ట్ అకౌంట్ అనే వరసలో వెళ్లండి. ఐఓఎస్ 18 కంటే పాతదైతే మధ్యలో 'యాప్స్' ఉండదు. కాంటాక్ట్స్ ఉన్న అకౌంట్ ఒక్కటే అయితే డిఫాల్ట్ అకౌంట్ అన్న వరసే కనిపించదు.
3. ఇంకో టెస్ట్ కాంటాక్ట్ సేవ్ చేసి, సరైన చోటికే వెళ్లిందో లేదో చూడండి.

ఇది ఇకముందు చేసే పేర్లకే వర్తిస్తుంది. ఇప్పటికే వేరేచోట ఉన్నవి వాటంతటవి కదలవు. ఒకటి రెండైతే, గూగుల్ కాంటాక్ట్స్‌లో ఆ పేరు తెరిచి మూడు చుక్కల మెనూలో 'మూవ్ టు అనదర్ అకౌంట్' వాడండి. శాంసంగ్‌లో 'మేనేజ్ కాంటాక్ట్స్' కింద 'మూవ్ కాంటాక్ట్స్' ఉంటుంది. సిమ్‌లో చాలా ఉంటే, ఆర్గనైజ్‌లోని సిమ్ ఆప్షన్‌తో ఒకేసారి గూగుల్ అకౌంట్‌లోకి తెచ్చుకోవచ్చు.

## 4. సేవ్ అయింది, లిస్టులో లేదు

ముందు పేరుతో కాకుండా నంబర్‌లోని చివరి నాలుగు అంకెలతో సెర్చ్ చేయండి. దొరికితే సమస్య సేవ్‌ది కాదు, చూపించే పద్ధతిది. అప్పుడు ఇవి చూడండి:

- ఫిల్టర్. కాంటాక్ట్స్ లిస్టు పైన ఒక అకౌంట్ పేరు గానీ, లేబుల్ గానీ ఎంచుకుని ఉంటే ఆ ఒక్కదానివే కనిపిస్తాయి. 'ఆల్ కాంటాక్ట్స్' పెట్టండి. ఐఫోన్‌లో 'లిస్ట్స్'లోకి వెళ్లి అన్ని కాంటాక్ట్స్ ఎంచుకోండి.
- వరస. లిస్టు ఇంటిపేరు ప్రకారం అమర్చి ఉంటే, రవి కోసం ఆర్ దగ్గర ఎంత వెతికినా దొరకడు. తెలుగులో రాసిన పేర్లు ఇంగ్లిష్ అక్షరాల దగ్గర ఉండవు, వాటికి వేరే గుంపు ఉంటుంది. చివరిదాకా జరిపి చూడండి.
- కలిసిపోవడం. అదే నంబర్ ముందే వేరే పేరుతో ఉంటే, ఫోన్ ఆ రెంటినీ కలిపి పాత పేరుతోనే చూపించవచ్చు. ఆ పేరు తెరిచి మెనూలో 'లింక్డ్ కాంటాక్ట్స్' చూసి విడదీయండి.
- రెండు యాప్‌లు. కొన్ని ఫోన్లలో కంపెనీ కాంటాక్ట్స్ యాప్ ఒకటి, గూగుల్‌ది ఒకటి ఉంటాయి. ఒకదాంట్లో సేవ్ చేసి రెండోదాంట్లో వెతుకుతుంటాం. రెండింట్లోనూ ఫిల్టర్ చూడండి.

సెక్యూర్ ఫోల్డర్, వర్క్ ప్రొఫైల్, సెకండ్ స్పేస్ లాంటివి వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. వాటి లోపల సేవ్ చేసిన పేర్లు బయటి లిస్టులో మామూలుగా కనిపించవు.

## 5. సేవ్ బటనే పనిచేయకపోతే

ఈ వరసలోనే వెళ్లండి. ఒక్కోటీ చేశాక టెస్ట్ కాంటాక్ట్‌తో చూడండి, అయిపోతే అక్కడితో ఆగండి.

1. ఫోన్ రీస్టార్ట్. యాప్ తాత్కాలికంగా ఇరుక్కుని ఉంటే దీనితోనే పోతుంది.

2. ఖాళీ జాగా. ఫోన్ స్టోరేజ్ పూర్తిగా నిండితే కొత్త పేరు రాసుకోవడానికీ చోటుండదు. ఒక్క పేరు తీసుకునే జాగా చాలా తక్కువే, కానీ నిండిపోయిన ఫోన్ ఆ కాస్త కూడా రాయలేక ఎర్రర్ ఇస్తుంది. వాట్సాప్‌లో పేరుకుపోయిన వీడియోలు తీసేసి, కనీసం 1 జీబీ ఖాళీ చేసి చూడండి.

3. కాపీ చేసిన నంబర్. మెసేజ్‌లోంచో, వెబ్ పేజీలోంచో నంబర్ కాపీ చేస్తే, ఒక్కోసారి కంటికి కనిపించని అక్షరాలు దాని ముందూ వెనకా అంటుకుని వస్తాయి. నంబర్ చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది. ఫోన్ మాత్రం దాన్ని వేరుగా చదువుతుంది, కాల్ వచ్చినప్పుడు పేరు చూపించదు. మొత్తం చెరిపేసి, అంకెలు చేత్తో కొట్టండి. పేరులో ఎమోజీలు ఉంటే అవీ తీసి చూడండి.

4. పర్మిషన్. సెట్టింగ్స్‌లో యాప్స్ తెరిచి, మీరు వాడే కాంటాక్ట్స్ యాప్, ఫోన్ యాప్ రెండింటికీ 'కాంటాక్ట్స్' పర్మిషన్ ఉందో లేదో చూడండి. నెలల తరబడి తెరవని యాప్‌ల పర్మిషన్లను ఆండ్రాయిడ్ 11 నుంచి ఫోనే వెనక్కి తీసేసుకుంటుంది. కాలర్ పేరు చూపించే యాప్‌లలోంచి సేవ్ చేసేవాళ్లకు ఇది తగులుతుంటుంది.

5. క్యాష్ (యాప్ తాత్కాలికంగా దాచుకునే ఫైళ్లు). యాప్స్‌లో కాంటాక్ట్స్ యాప్ తెరిచి, స్టోరేజ్‌లో 'క్లియర్ క్యాష్' నొక్కండి. దీనివల్ల పేర్లేవీ పోవు. పక్కనే ఉండే 'క్లియర్ డేటా' వేరు. ముఖ్యంగా 'కాంటాక్ట్స్ స్టోరేజ్' అనే సిస్టమ్ యాప్‌లో దాన్ని నొక్కితే మా అత్తయ్య ఫోన్‌కు జరిగిందే జరుగుతుంది.

6. అప్‌డేట్. కాంటాక్ట్స్ యాప్‌కూ, ఫోన్ సాఫ్ట్‌వేర్‌కూ అప్‌డేట్లు ఉంటే చేయండి.

7. సేఫ్ మోడ్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూలో 'పవర్ ఆఫ్'ను నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ అడుగుతుంది. అందులో మీరు వేసుకున్న యాప్‌లు నడవవు. అక్కడ టెస్ట్ సేవ్ అయితే తప్పు ఏదో బయటి యాప్‌ది. మామూలుగా రీస్టార్ట్ చేసి, సమస్య మొదలైన రోజుల్లో వేసిన క్లీనర్, డయలర్, కాలర్ యాప్‌లను ఒక్కొక్కటిగా తీసి చూడండి.

కొత్తది సేవ్ అవుతున్నా పాత పేరును దిద్దలేకపోతే, ఎడిట్ గుర్తే లేకపోతే, అది వేరే యాప్ చూపిస్తున్న పేరై ఉంటుంది. దాన్ని దిద్దడానికి లేదు. అదే నంబర్‌తో మీ అకౌంట్‌లో కొత్త కాంటాక్ట్ చేసుకోండి.

## 6. ఈ ఫోన్‌లో ఉంది, ఇంకోదాంట్లో లేదు

ఇది సింక్ సమస్య, అంటే ఫోన్‌లోని పేర్లు అకౌంట్‌లోకి, అకౌంట్‌లోవి ఫోన్‌లోకి చేరకపోవడం. కంప్యూటర్‌లోనో, ఫోన్ బ్రౌజర్‌లోనో కాంటాక్ట్స్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిచి, అదే అకౌంట్‌తో లాగిన్ అవ్వండి. అక్కడ పేరు ఉంటే సేవ్ చేసిన ఫోన్‌లో తప్పేమీ లేదు, రెండో ఫోన్‌ను చూడాలి. అక్కడ కూడా లేకపోతే మొదటి ఫోన్ పైకి పంపడం లేదని అర్థం.

తేడా ఉన్న ఫోన్‌లో చూడాల్సినవి:

- సెట్టింగ్స్‌లో అకౌంట్స్ తెరిచి మీ గూగుల్ అకౌంట్‌లో 'కాంటాక్ట్స్' సింక్ ఆన్‌లో ఉందా?
- ఆటోమేటిక్ సింక్ మొత్తంగా ఆఫ్ చేసి ఉందా?
- బ్యాటరీ సేవర్, డేటా సేవర్ ఆన్‌లో ఉన్నాయా?
- తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయా? తేదీ తప్పుంటే సర్వర్‌తో సురక్షిత కనెక్షన్ కుదరక సింక్ ఆగిపోతుంది.
- పాస్‌వర్డ్ ఈమధ్య మార్చారా? మార్చి ఉంటే ఫోన్ మళ్లీ లాగిన్ అడుగుతూ నోటిఫికేషన్లలో ఎక్కడో ఎదురుచూస్తుంటుంది.
- ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో మీ పేరు, ఐక్లౌడ్ (యాపిల్ అకౌంట్‌లోని ఆన్‌లైన్ స్టోరేజ్) తెరిచి కాంటాక్ట్స్ ఆన్‌లో ఉందా?

ఇవన్నీ సరిగ్గా ఉన్నా కదలకపోతే అకౌంట్ తీసేసి మళ్లీ పెట్టమని చాలామంది చెబుతారు. పని చేస్తుంది, నిజమే. కానీ పైకి వెళ్లని పేర్లు ఆ అకౌంట్‌తోపాటే ఫోన్‌లోంచి పోతాయి. ముందు ఎక్స్‌పోర్ట్ ఫైల్ చేతిలో ఉందో లేదో చూసుకోండి.

## 7. వాట్సాప్‌లో పేరు రాకపోతే

ముందు నంబర్ రాసిన తీరు చూడండి. వేరే దేశపు నంబర్‌ను ప్లస్ గుర్తు, దేశం కోడ్, ఆ తర్వాత నంబర్ అన్న వరసలో రాయాలి. లోపలి కాల్స్‌కు ముందు పెట్టే సున్నాను కోడ్ తర్వాత వదిలేయాలి.

తర్వాత పర్మిషన్. ఐఓఎస్ 18 నుంచి ఐఫోన్‌లో ఒక యాప్‌కు కాంటాక్ట్స్ మొత్తం కాకుండా కొన్నే చూపించే వీలు వచ్చింది. ఎప్పుడో అలా కొన్నే ఎంచుకుని మరిచిపోతే, కొత్తగా సేవ్ చేసిన పేరు వాట్సాప్‌కు కనిపించదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద కాంటాక్ట్స్ తెరిచి వాట్సాప్‌కు పూర్తి అనుమతి ఇవ్వండి, లేదా ఆ పేరును జత చేయండి.

దీనికి తిరగబడిన సమస్య కూడా ఉంది. వాట్సాప్‌లోనే 'న్యూ కాంటాక్ట్' నొక్కి సేవ్ చేస్తే, పేరు వాట్సాప్‌లో ఉంటుంది, ఫోన్ కాంటాక్ట్స్‌లో ఉండదు. కాల్ వస్తే ఒట్టి నంబరే కనిపిస్తుంది. ఆ పేజీలో ఫోన్‌కు సింక్ చేయాలా అని ఒక స్విచ్ ఉంటుంది. అది ఆఫ్‌లో ఉంటే ఇలా జరుగుతుంది. ఆన్ చేసి మళ్లీ సేవ్ చేయండి.

ఆండ్రాయిడ్ వాట్సాప్‌లో కొత్త చాట్ పేజీలోని మూడు చుక్కల్లో 'రిఫ్రెష్' కూడా ఒకసారి నొక్కి చూడండి.

## 8. సేవ్ చేసినవి తర్వాత మాయమైతే

ఇక్కడ రోజులు లెక్కలోకి వస్తాయి కాబట్టి ఆలస్యం చేయకండి.

- గూగుల్ కాంటాక్ట్స్‌లో తీసేసినవి 'ట్రాష్'లో 30 రోజులు ఉంటాయి. తెరిచి రికవర్ చేయండి.
- ట్రాష్‌లో లేకపోతే, వెబ్‌లోని గూగుల్ కాంటాక్ట్స్ సెట్టింగ్స్‌లో 'అన్‌డూ చేంజెస్' ఉంటుంది. గడిచిన 30 రోజుల్లో ఏ సమయానికైనా లిస్టును వెనక్కి తిప్పవచ్చు. ఆ తర్వాత చేర్చిన పేర్లు పోతాయి కాబట్టి ముందు ఎక్స్‌పోర్ట్ చేసుకోండి.
- ఐక్లౌడ్ వెబ్‌సైట్‌లో 'డేటా రికవరీ' కింద 'రిస్టోర్ కాంటాక్ట్స్' ఉంటుంది. ఇది ఉన్న లిస్టు స్థానంలో పాతదాన్ని పెడుతుంది.

ఫోన్‌లోనో సిమ్‌లోనో మాత్రమే ఉన్నవాటికి ఈ వసతి చాలా ఫోన్లలో ఉండదు. పాత ఫోన్ ఇంకా ఇంట్లో ఉంటే దాన్ని చార్జ్ చేసి తెరవండి. వాట్సాప్ చాట్లలో నంబర్ మిగిలే ఉంటుంది.

## 9. అన్నీ చేసినా కుదరకపోతే

ఫ్యాక్టరీ రీసెట్ ఆఖరిది. నొక్కే ముందు ఈ నాలుగూ సరిచూసుకోండి:

- వీసీఎఫ్ ఫైల్ వేరే ఫోన్‌లోనో మెయిల్‌లోనో ఉంది. తెరిచి చూశాను, పేర్లు ఉన్నాయి.
- వెబ్‌లో గూగుల్ లేదా ఐక్లౌడ్ కాంటాక్ట్స్ కనిపిస్తున్నాయి.
- వాట్సాప్ చాట్ బ్యాకప్, ఫొటోలు వేరుగా తీసిపెట్టాను.
- అకౌంట్ పాస్‌వర్డ్ తెలుసు.

రీసెట్ తర్వాత బ్యాకప్ తెచ్చుకునే ముందే ఒక టెస్ట్ కాంటాక్ట్ సేవ్ చేయండి. ఖాళీ ఫోన్‌లో కూడా కాకపోతే అది మీ సెట్టింగ్స్ తప్పు కాదు, సర్వీస్ సెంటర్‌లో చూపించాల్సిందే. సేవ్ అయితే 3వ భాగంలోని డిఫాల్ట్ అకౌంట్‌ను ముందు సరిచేసి, ఆ తర్వాతే వీసీఎఫ్ ఫైల్ తెరిచి పేర్లు తెచ్చుకోండి. లేకపోతే అవన్నీ మళ్లీ 'ఫోన్'లోకే వెళ్లి కూర్చుంటాయి.

అన్నట్టు, ఈ పరీక్షల్లో చేసిన 'టెస్ట్' కాంటాక్ట్‌లన్నీ తీసేయడం మరిచిపోకండి. చేతికొచ్చిన అంకెలు కొట్టి ఉంటారు కాబట్టి అది ఎవరో తెలియనివాళ్ల నంబరై ఉండొచ్చు.